పాలమూరు అక్క రాయించిన కార్డు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో, నేను నెల రోజులు మూగవాణ్ణయ్యాను. నా నోట "వస్త, పోత" విన్న పంతులుగారు, "ఇది భాష కాదురా, యాస. భాష పుస్తకంలో ఉంటుంది" అన్నారు. తరగతి నవ్విన నవ్వుకు నారాయణగూడ చౌరస్తాలో రిక్షాలు ఆగిపోయి ఉంటాయి. ఆ రోజు నుంచి చిక్కడపల్లిలో మా ఇంట్లోనూ నోరు విప్పలేదు. అమ్మ పలకరిస్తే తలూపేవాణ్ణి. ఇంటినిండా మనుషులే, నా మటుకు నేను ఒక్కణ్ణే.

మా ఎదురుగా మూడంతస్తుల మేడ లేస్తోంది. నా కళ్లకు ముప్పై. అక్కడ ఇటుకలు మోసే పాలమూరు అక్క ఓ సాయంత్రం పోస్టుకార్డు తెచ్చింది.

"మా అమ్మకు జర రాసిపెట్టు బిడ్డా. నేను మంచిగనే ఉన్న, పరేషాన్ గావొద్దు, మోకాలికి నూనె రాసుకోమను."

నేను పుస్తకం పరువు నిలబెట్టాను. "మహాలక్ష్మీ సమానురాలైన మాతృశ్రీ గారికి, నేను క్షేమము. తాము చింతింపవలదు. మోకాలికి తైలమర్దనము గావించుకొనవలెను."

పది రోజులకు ఊరి నుంచి కబురొచ్చింది. కార్డు చదివించుకున్న ముసలమ్మ, "ఇవి నా బిడ్డ మాటలు గావు. బిడ్డకేదో అయింది, ఎవరో దాస్తున్నరు" అని రెండు రోజులు అన్నం ముట్టలేదట.

అక్క తిట్టలేదు. ఇంకో కార్డు ఇచ్చి పక్కన కూచుంది.

"పుస్తకం మాట మంచిదే బిడ్డా. గని మా అమ్మ నన్ను గుర్తువట్టాలె గద. నేను చెప్పినట్లె రాయి."

"గట్ల రాస్తే తప్పు గాదా అక్కా?" నెల తర్వాత నా నోట ఊడిపడిన మొదటి మాట అది.

"మా అమ్మ నేర్పిన మాట తప్పెట్లయితది?"

రాశాను. ముసలమ్మ ఆ కార్డును పందొమ్మిది మందితో చదివించుకుందట. అందులో పదహారు మందిని నేను కల్పించాను. పుస్తకంలో ఉన్నదీ ఒకప్పుడు ఏదో ఊరి వాళ్ల నోటి మాటే, అచ్చుకెక్కి పెద్దరికం తెచ్చుకుందని తర్వాతెప్పుడో అర్థమైంది.

మేడ పూర్తయ్యాక అక్క ఎటు వెళ్లిందో తెలియదు. మా అమ్మా ఇప్పుడు లేదు. అశోక్‌నగర్ ఫ్లాట్‌లో ఒక్కణ్ణే కూచుని పుస్తకం మాటలు రాసుకుని బతుకుతున్నాను. రాసింది ప్రతిసారీ ఖాళీ వంటింట్లో పైకి చదువుతాను, అమ్మ వింటే నన్ను గుర్తుపడుతుందా అని. పట్టదనిపించిన రోజు కాగితం పక్కన పెట్టి, గట్టిగా అంటాను: "అమ్మా, నేను మంచిగనే ఉన్న. పరేషాన్ గాకు."