తాళాన్ని మోసం చేసిన రోజు

మాది కిరాణా కొట్టు కుటుంబం. బేరమాడకుండా కొన్నది నాకు ఒంటికి పట్టదు. పెనుబల్లిలో ఇల్లు కట్టుకున్నాక వైఫై రౌటర్, దాంతో ఫోన్ నుంచే తెరుచుకునే తాళం బేరమాడి తెచ్చి, నేనే కలిపాను.

గృహప్రతిష్ఠ ప్రార్థనకు అయ్యగారినీ చుట్టాలనూ చర్చి నుంచి వెంటబెట్టుకొచ్చి, గుమ్మం ముందు గొప్పగా ఫోన్ నొక్కాను. తలుపు కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది. కొట్టు మూసేటప్పుడు కరెంటు మెయిన్ దించడం నాన్న నేర్పిన అలవాటు. పొద్దున వెళ్తూ ఇంట్లోనూ దించేశాను. తాళం బ్యాటరీతో బతికే ఉంది కానీ, దానికి కబురు మోసే రౌటర్ ఆగిపోయింది. తాళంచెవి లోపల బీరువాలో, బిర్యానీ వంటింట్లో ఉన్నాయి.

"ఏంది వదినా, బేరం మంచిగనే కుదిరినట్టుంది," అన్నాడు మరిది డేవిడ్. "జరుగు, గడ్డపారతోని పగలగొడ్త."

"కొత్త తలుపు మీద గడ్డపార పడిందా, నీకు బిర్యానీ లేదు," అని అడ్డంగా నిలబడ్డాను.

గిరాకీ లేని రోజుల్లో నాన్న బజార్లో పేరున్న కొట్టు పేరే మా బోర్డు మీద రాయించాడు. నేనూ అదే చేశాను. నా ఫోన్ హాట్‌స్పాట్‌కు రౌటర్ పేరు, దాని పాస్‌వర్డే పెట్టాను. తాళం నా ఫోన్‌నే రౌటర్ అనుకుంది. నా ఫోన్ రౌటర్ వేషంలో ఉంది కాబట్టి, మా ఆయన తన ఫోన్‌లో నొక్కగానే టక్కున తెరుచుకుంది.

"గిదేం మాయ వదినా?"

"మాయ కాదయ్యా, యాపారం."

ఆ తాళాన్ని తలుపు నుంచి తీసెయ్యమని ఇంటిల్లిపాదీ పోరు పెట్టారు. నేను తీసెయ్యలేదు, మెయిన్ దించడమూ మానలేదు. తాళంచెవి మాత్రం ఇప్పుడు నా పర్సులో ఉంటోంది. డేవిడ్ ఇది చదివి నవ్వుకున్నా సరే, తాళం అక్కడే ఉంటుంది.