పదో వంతుకు తగ్గనిది

ల్యాబులో అందరూ ఆమెను సున్నాలమ్మ అని ఏడిపిస్తారు. నిజానికి సున్నాలంటే ఆమెకు ఒళ్లు మంట. చెంచాడు మురుగునీటిలో ముప్పై కోట్ల సూక్ష్మజీవులుంటే మూడు పక్కన ఎనిమిది సున్నాలు చుట్టదు. మూడు ఇంటూ పది, దాని నెత్తిన చిన్న ఎనిమిది. అంతే.

అన్ని కోట్లు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే నమూనాను పదో వంతుకు పలచన చేస్తారు, దాన్ని మళ్లీ పదో వంతుకు. గాజు గొట్టాల మీద పది ఘాతం మైనస్ ఒకటి, మైనస్ రెండు అని రాస్తారు... ఒక్కో గొట్టంలోంచి ఒక్కో ప్లేటులో బొట్టు వేస్తే మర్నాటికి ఒక్కో జీవీ ఒక్కో మచ్చగా మొలుస్తుంది. ఒకదానిలో మూడొందలుంటే పక్కదానిలో ముప్పై, ఆ పక్కన మూడు. సైన్సు మహిమ అంటూ చేతులు జోడించక్కర్లేదు. పాలలో నీళ్లు కలిపేవాడికీ తెలిసిన విద్యే.

ఈసారి నీళ్లు ఆసుపత్రి డయాలసిస్ గదివి. అక్కడి మంచం మీద ఉన్నది ఆమె అక్క. మెడ దగ్గర గొట్టం, మాటిమాటికీ అంతుపట్టని జ్వరం. ఇంకొక్కటొస్తే తట్టుకోలేదన్నాడు డాక్టరు. నీళ్ల మీదే అనుమానం.

ప్లేట్లు బయటికి తీసింది. మొదటిదానిలో బంగారు పసుపు మచ్చలు, ముప్పై. రెండోదానిలో ముప్పై. చివరిదానిలోనూ దాదాపు అంతే. నమూనా చుక్కయినా కలపని ప్లేటులోనూ అవే మచ్చలు.

"చివరిదాని లెక్కన ముప్పై ఇంటూ టెన్ పవర్ సిక్స్ అని రాసిపారెయ్, పీడా పోతుంది," అన్నాడు పక్క బల్ల టెక్నీషియన్.

"నీళ్లలో ఉంటే తగ్గాలి కదరా! వీటికి మైనస్ అంటే లెక్కే లేదు."

"మరెక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? ప్లేటు తెరిచి, మాస్కు గడ్డం కిందికి లాగి, మైనస్ ఒకటి, మైనస్ రెండు అని మంత్రాలు చదువుతావుగా... నీ నోట్లోంచేనేమో!"

అతను పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. కొత్త ప్లేటు మూత తీసి, మాస్కు దించి, దాని మీదికి వంగి, "మైనస్ ఆరు" అంది. మూతపెట్టి వెచ్చటి పెట్టెలో ఉంచింది.

మర్నాడు అది పసుపు మచ్చలతో నిండి ఉంది. మాటే మొలకెత్తినట్టు.

మాస్కు బిగించి, నోరు విప్పకుండా నీళ్ల నమూనాను మళ్లీ వేసిన ప్లేట్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. నీళ్లు శుభ్రమేనని రాసి, తన నోటి సంగతి డాక్టరుకు ఫోన్లో చెప్పింది. జ్వరం వచ్చిన ప్రతిసారీ, అంతకు ముందు అక్క మెడ దగ్గర కట్టు మార్చింది తనే. మాస్కు దించి, కబుర్లు చెబుతూ మార్చింది.

సాయంత్రం గది గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"అక్కడే నిలబడ్డావేమే? దగ్గరికొచ్చి ఏదో ఒకటి చెప్పు. నీ గొంతు వింటేనే నాకు నిద్ర పట్టేది."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా ఏం?"

మాస్కు మీద రెండు చేతులూ అదిమిపెట్టి, ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.