కల్లాల దారిలో నసీమున్నీసా

నసీమున్నీసా తల్లి చివరి రోజుల్లో కన్నకూతురి పేరే మర్చిపోయింది. రోజూ నడిస్తే కూతురికి ఆ మతిమరుపు జబ్బు ముప్పు కొంత తగ్గొచ్చని డాక్టరు అన్నాక, కుట్టుమిషను తొక్కీ తొక్కీ అరిగిన కాళ్లతో నసీమున్నీసా పొద్దున్నే దర్శి శివారు మిరప కల్లాల దారి పడుతోంది. ఎండుకాయలు తిరగేసే ప్రతి మనిషినీ పేరుపెట్టి పలకరించడం ఆమె తనకు తాను పెట్టుకున్న పరీక్ష. మొన్న ఒక కల్లం దగ్గర, మొహానికి గుడ్డ కట్టుకున్న మనిషి పేరు తట్టలేదు. ఎవర్నీ అడగలేదు. పెదాలు కదుపుకుంటూ దారి మొదటికి వెళ్లి మళ్లీ నడిచొచ్చింది.

"అంకమ్మరావూ!"

"ఇందాకేగా వెళ్లావు, మళ్లీ వచ్చావేంటక్కా?"

"నీ పేరు పారేసుకున్నానయ్యా, వెతుక్కొచ్చా."

మర్నాటి నుంచి ఆమె దూరాన కనపడగానే అంకమ్మరావు మొహానికి కట్టుకున్న తుండుగుడ్డ కిందికి లాగేసి, మిరప ఘాటుకు తుమ్ముతూ నిలబడుతున్నాడు.