సున్నం కొట్టిన రాయి

ఈ ఉదయం ఉదయగిరి నుంచి వస్తుంటే, బస్సు ఆత్మకూరు చేరకముందే అమ్మ ఫోన్ చేసింది. "దిగి పెద్దబావికాడ నిలబడుండు, చిన్నాయన బండి తెస్తాడు." కొత్తవాళ్ళు వింటే బావి కోసం వెతుక్కుంటారు. మా కాలనీలో అక్కడున్నది ఒక కుళాయి, పక్కన సిమెంటు బల్ల. సోమశిల డ్యాం నీళ్ళలో ఊరు మునిగినప్పుడు మావాళ్ళు మంచాలతో, మేకలతో పాటు పేర్లు కూడా మోసుకొచ్చి, ఇక్కడ దొరికిన వాటికి తగిలించారు. అలా తగిలించడానికి ఏదీ దొరకనిది ఒక్కటే, మా అత్త సమాధి. నాయనకు అక్క ఆమె. మూడు నెలల పసిగుడ్డుగానే పోయింది. అయినా మా ఇంట్లో అందరూ మర్యాదగా అత్త అనే అంటారు.

ఈస్టరుకు ముందు మా చర్చివాళ్ళంతా సమాధులకు సున్నం కొడతారు. ఆ రోజు ఆ బిడ్డను కన్న మా అవ్వ గుమ్మంలో ఊరికే కూర్చునేది. నేను కాలేజీలో ఉండగా ఒక ఏడు వానలు లేక, సోమశిల నీళ్ళు వెనక్కిపోయి పాత ఊరి నేల బయటపడింది. అప్పటికి అవ్వకు చూపు పోయింది. పాలడబ్బాలో సున్నం కలిపి నా చేతికిచ్చింది. "పెద్దబావికి తూర్పున పదడుగులు. తలకాడ ఒకటే రాయి. చదువుకున్నదానివి, నువ్వే కనుక్కోవాల" అంది.

నేనూ చిన్నాయనా పోయి చూస్తే అక్కడ పూడిపోయిన గుంతలు మూడున్నాయి. ఏది పెద్దబావి? ఊరు మునిగేటప్పటికి నాయన చంటిబిడ్డ, చిన్నాయన కాలనీలో పుట్టినవాడు. "నాకేం తెలుసమ్మే? నాకు తెలిసిన పెద్దబావికి ట్యాపుండాది" అని నవ్వాడు. కాసేపటికి, "ఏదో ఒక రాయికి కొట్టేసి రామ్మే, ఎండ చంపతా ఉండాది" అన్నాడు. కొంచెం దూరంలో మా ఊరి ముసలమ్మలిద్దరు బురదలో తమ గడపలు వెతుక్కుంటున్నారు. వెళ్ళి అడిగితే చెప్పేవాళ్ళే. చదువుకున్నదాన్ని, కనుక్కోలేకపోయానని చెప్పుకోవడం నామోషీ అనిపించి పోలేదు. కనిపించిన రాళ్ళలో ఒకదాన్ని ఎంచుకుని సున్నం కొట్టాను. అది ఎవరో బట్టలుతికిన రాయైనా కావచ్చు.

ఇంటికి రాగానే అవ్వ అడిగింది, "రాయి ఎడమకి వాలుండాదా?"

నేను సున్నం కొట్టిన రాయి గుంజలా నిటారుగా ఉంది. "వాలుండాది అవ్వా" అన్నాను.

సున్నం అంటిన నా వేళ్ళను చెంపకు ఆనించుకుని, "ఇన్నేళ్ళకి దానికాడికి మనోళ్ళు పోయినారు" అంది.

తర్వాతి వానలకు నీళ్ళు మళ్ళీ నిండాయి. రెండేళ్ళకు అవ్వ పోయింది. ఇప్పుడు కట్ట మీద పోతుంటే చిన్నాయన పిల్లలు నేను చూపించిన వైపే వేలు చాపి, "అదిగో, అత్త ఆడుండాది" అంటారు. అత్త అనే మాట నేను ఎంచుకున్న రాయి దగ్గరికే పోతోంది. నిజంగా ఆ బిడ్డ ఉన్న చోటును పిలిచే మాట ఇక ఎవరి దగ్గరా లేదు. ఆ చోటు తెలిసిన ఒక్క మనిషికీ నేను అబద్ధం చెప్పాను. కాలం గడిచేకొద్దీ అది తేలికవుతుందనుకున్నాను గాని, ఏడాదికొకరు చొప్పున దాన్ని నమ్మేవాళ్ళు పెరుగుతున్నారు.