రెండు మోకాళ్ల దగ్గరా ఒకే గీత

అరవైల చివర్లో ఆమదాలవలసలో రైలెక్కిన ఒక రైతు, ఆరేళ్ల కూతుర్ని నా ఎదుటి బల్ల మీద పడుకోబెట్టాడు. పిల్ల ముఖం పాలిపోయి ఉంది, కాళ్లు తాకితే ఏడుస్తోంది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లమని అక్కడి డాక్టరు చీటీ రాసిచ్చాడట. అతనిచ్చిన ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. రెండు మోకాళ్ల దగ్గరా ఎముక చివర ఒకేలాంటి నల్లటి గీత ఉంది.

"ఇరిగిపోనాది బాబూ. సీపురుపల్లిలో కట్టు కట్టీవోడున్నాడు, దిగిపోతాం."

"దెబ్బయితే రెండు కాళ్లకీ సరిగ్గా ఒకేచోట ఎలా తగుల్తుందయ్యా?"

"గట్టు మీంచి రెండు కాళ్లతోటే గదా దూకినాది!"

పక్కవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "డాక్టరేమన్నాడు?"

"రగతంలో రోగమంట. నొప్పి ఎముకల్లో ఉంటే రగతమేటి సేత్తాది? నువ్వే సెప్పు."

అతని మాట తప్పని ఆ రెండు గీతలూ చెబుతున్నాయి గాని, నిజమేమిటో నాకు తెలియదు. చీపురుపల్లిలో అతను నా చేతిలోంచి ఫిల్ము మర్యాదగా తీసుకుని, పిల్లను భుజాన వేసుకుని దిగిపోయాడు.

రక్తం పుట్టేది ఎముకల్లోనేనని, అందుకే కొన్ని రక్తరోగాలకు ఎముకల చివర అలాంటి గీత పడుతుందని ఎన్నో ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. ఆ ఒక్క ముక్క అతనికి చెప్పడానికి ఆ డాక్టరుకు ఎంతసేపు పట్టేది?