జీలకర్ర పొట్లంలో ఉత్తరం

పాత కాగితాల దుకాణం కనిపిస్తే నా కాళ్లు ఇప్పటికీ అక్కడే ఆగిపోతాయి. పక్కవాళ్లు విసుక్కుంటున్నా ఆ కట్టల్లో చేతులు పెట్టందే నాకు తోచదు. వెతికింది దొరికి ఎన్నో ఏళ్లయినా అలవాటు మాత్రం వదల్లేదు.

అరవై తొమ్మిదిలో మాది తొర్రూరు. ముందు గది నాయిన కిరాణా దుకాణం, వెనక ఇల్లు. అక్కకు పంతొమ్మిదేళ్లు, నాకు పదకొండు. ఒక వారపత్రికలో కాకతీయుల కాలం నాటి ప్రేమకథ సీరియల్‌గా వచ్చేది. సేనానిని ప్రేమించిందని ఒక నర్తకి మీద నింద వేసి, ఓరుగల్లు కోట నుంచి వెళ్లగొడతారు. అక్క ప్రతివారం ఆ పేజీలు చింపి దాచేది. కథ అయిపోయాక అన్నీ కలిపి దబ్బనంతో కుట్టుకోవాలని ఆమె ఆశ.

ఇంతలో తెలంగాణ ఉద్యమం. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, ఒక వారం పత్రిక మా దాకా రాలేదు. వెనక వీధి పంతులమ్మ దగ్గర ఆ సంచిక ఉందని తెలిసి నేనే పరుగెత్తి అడిగి తెచ్చాను. ఆమె ఒక్క పూటకే ఇచ్చింది. అక్క వంటింటి గడప దగ్గర కూర్చుని ఆ భాగమంతా చేత్తో రాసుకుంది. అందులో నర్తకి సేనానికి రాసిన ఉత్తరమే ఒక పేజీ.

దుకాణంలో పొట్లాలకు పాత కాగితాలు అందించడం నా పని. బడి లేక నాకు కాలు నిలిచేది కాదు. నాయిన తొందరపెట్టాడని ఒకరోజు చేతికందిన కట్ట తెచ్చి ఆయన ముందు పడేశాను. ఉత్తరం పేజీ అందులో ఉందని చూసుకోలేదు. అది జీలకర్ర పొట్లమై, అక్కకు జనగామ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి ఇంటికే చేరింది. పెళ్లిచూపుల్లో అక్క చేత నాలుగు వాక్యాలు రాయించి, దస్తూరి ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నది ఆ పెద్దమనిషే. ఇక ఆ రాత ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

సాయంత్రానికి, అక్క ఎవరికో రాసిన ప్రేమలేఖ అంటూ వీధి వీధంతా ఆ ఉత్తరాన్ని అప్పజెప్పేసింది. అది కథలోదని అక్క చెప్పింది.

"అట్లయితే అచ్చు కాయితం చూపియ్యి," అన్నాడు నాయిన.

పంతులమ్మ కుటుంబం అప్పటికే కోస్తా వైపు వెళ్లిపోయింది. జనగామ సంబంధం తప్పిపోయింది. రెండు నెలల్లో మొగుళ్లపల్లిలో ఒక రెండో పెళ్లివాడికి ఇచ్చి చేతులు దులుపుకున్నారు. పొట్లాల కట్ట తెచ్చింది నేనేనని భయపడి చెప్పలేదు. ఆ భయం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం.

ఆ సంచిక దొరికితే అక్క మీది మచ్చ పోతుందని నా పిచ్చి. పెళ్లయి మహబూబాబాద్ వచ్చాక కూడా వెతుకుతూనే ఉన్నాను. స్టేషన్ దగ్గర పాత పుస్తకాలాయన నన్ను దూరం నుంచి చూసే లేదని తల ఊపేవాడు. చివరికి పన్నెండేళ్ల తర్వాత, జనగామలో అద్దె నవలల దుకాణంలో, ఎవరో కుట్టి పెట్టుకున్న ఆ సీరియల్ దొరికింది. నిలబడే చదివాను. అచ్చులో నర్తకి ఏడ్చి, క్షమించమని వేడుకుని ఉత్తరం ముగించింది. అక్క కాగితంలో ఉండి, ఊరందరి నోటా నానిన ఈ చివరి మాటలు అందులో లేవు: "ప్రేమించాను. అది తప్పు కాదు. నిజం కావాలంటే లోకాన్ని కాదు, నన్ను అడగండి."

మర్నాడే మొగుళ్లపల్లి వెళ్లాను. అక్క వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుని పుస్తకం తిరగేసింది.

"గా మాటలు నేనే కలిపిన," అంది. "కథల ఆ పిల్ల ఊకె ఏడ్సుడే. నాకు కడుపు మండింది."

కట్ట తెచ్చి పడేసింది నేనేనని అప్పుడు చెప్పేశాను. అది తనకు ఆనాడే తెలుసంది. నేను ఉండబట్టలేక, అప్పట్లో నీ మనసులో ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"ఎవ్వలు లేకుండె." పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "పన్నెండేండ్లు కాయితం దేవులాడినవు చెల్లె. గీ ఒక్క మాట నన్ను అడగకపోతివి."