మా ఆయన మొరం తొవ్వ

మొగని పేరు నోటితోని చెప్పద్దంటరు. నేను చెప్త. రామలింగయ్య. చెప్పిన, ఏమైంది? ఏం గాలే. ఆయన బైట అరుగు మీద కూసోని బీడీ తాగుతున్నడు.

బహదూర్‌పురా దాటినంక చెరువు పక్కన సర్కారు తోట ఉండె. దాంట్ల మా ఆయన వాచరు. పొద్దున ఒక రౌండు, పొద్దుగూకక ముందు ఒక రౌండు. రౌండు అంటె సైకిల్ మీద, మూడు మైళ్ల మొరం తొవ్వ, ఎర్రటి గులక మట్టిది. ముందుగాల చెరువు కట్ట వస్తది. కట్ట దిగితె జమ్ము, తుంగ, మోకాలు లోతు నీళ్లు, కొంగలు. ఆ నీళ్ల పక్కపొంటి పోతె పైన్ వనం. బోర్డు మీద గట్లనే రాసి ఉండేది, పచ్చ రంగుతోని. పక్కనున్న కిషన్‌బాగోల్లు సూసి, "పైన వనమంట, మరి కింద ఏముందో" అని నవ్వేటోల్లు. పైన్ అంటె చలి కొండలల్ల పెరిగే చెట్టంట. ఎవరో పెద్దాఫీసరు రెండు వందల మొక్కలు రైలుల తెప్పిచ్చి నాటిచ్చిండు. ఎండకాలం వచ్చింది. రెండు వందలూ ఎండిపోయినయి. ఆఫీసరుకు ట్రాన్స్‌ఫర్ అయ్యింది. వాటి జాగల సరుగుడు పెట్టిన్రు. దూరంకెల్లి సూస్తె రెండూ ఒక్క తీరే ఉంటయంట. బోర్డు మాత్రం మార్సలే, మంచి రంగు ఖరాబైతది అన్నరు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిల మా ఆయన కండ్లు పోవుడు షురూ అయ్యింది. ముందుగాల మసక చీకట్ల కనవడకపోయేది. తర్వాత పక్కలకు కనవడుడు బందైంది. తర్వాత నడుమల గూడ మబ్బు కమ్మింది. రెండు మూడు దవాఖానలకు తిరిగినం. నరాల బీమారి, మందు లేదన్నరు. ఒకనాడు అన్నం తినుకుంట, "మాణిక్యా, నాకు సైకిల్ హ్యాండిలు కనవడ్తలేదు" అన్నడు.

"పట్టుకుంటె చేతికి తగుల్తది గదా" అన్న నేను.

గదీ నా జవాబు. నాకు కోపం జెర ఎక్కువనే. మరి నేనేం చెయ్యాలె? గుడ్డోడని తెలిస్తె నౌకరి పోతది. నౌకరి పోతె సర్కారు క్వార్టరు పోతది, ఇద్దరు ఆడపిల్లల బడి పోతది. "ఎవ్వనికీ చెప్పకు. పో, తొక్కు. ఇన్నేండ్లు తొక్కిన తొవ్వ నీకు తెల్వదా?" అన్న. ఆయన చెయ్యి కడుక్కోని పోయిండు. పొద్దున్నే సైకిల్ ఎక్కేటప్పుడు సన్నగ కూనిరాగం తీసుకుంట పోయేటోడు. సల్లగ గాలికి తిరిగే నౌకరి, మస్తు ఖుషీగున్నడు అనుకున్న నేను.

ఎట్ల తొక్కుతున్నవయ్యా అని ఒక పారి అడిగిన. చెప్పిండు. కట్ట మీద కంకర గదా, సక్రం కింద కరకరమంటది. కట్ట దిగినంక జమ్ము కాడ మొరం తడిసి ఉంటది, సప్పుడు మెత్తగైతది. పచపచమంటె తొవ్వ దప్పి నీళ్ల దిక్కు పోతున్నట్టు, కుడికి తిప్పుకోవాలె. ఇగ సరుగుడు చెట్ల కింద ఆకు రాలి పరుపు లెక్క పడి ఉంటది. ఆడ సప్పుడే ఉండది. "ఆడ ఏం ఇనవడది. పైడిలు లెక్కపెట్టుకుంట పోత. నూట నలభై తొక్కినంక ఎడమకు తిప్పాలె. తిప్పకపోతె మడుగు" అన్నడు. మంచిగనే ఉన్నదిగా మరి అన్న.

ఇంక ఇచ్చంత్రం ఇనున్రి. మొత్తం తోటల అందరికంటె మంచి కండ్లు మా ఆయనయే అని పేరు వచ్చింది. కిషన్‌బాగ్‌ల పాలు అమ్మే మల్లన్న బర్రెలు దొంగతనంగ జమ్ములకు జొరవడేటియి. మా ఆయన కట్ట మీదికెల్లి, "ఏయ్ మల్లన్నా, నీ కుంటి బర్రెను తోలుకో!" అని ఒర్లేటోడు. మల్లన్నకు పానం పోయేది. ఆ బర్రె మూడు అడుగులు గట్టిగ ఏసి నాలుగోది మెల్లగ ఏస్తది, నీళ్లల్ల ఆ సప్పుడు మా ఆయనకు తెల్సు. మల్లన్నకు తెల్వది. ఆయన పోయి కిషన్‌బాగంతా చెప్పిండు, గాయన మనిషి కాదు గద్ద అని. మా ఆఫీసరు కొండల్‌రావు సార్‌కు మెడల దుర్బీన్ ఉండె. దుర్బీన్ పెట్టి సూసి, మల్ల మా ఆయన్నే అడిగేటోడు, "రామలింగయ్యా, ఆ మూలకు ఉన్న పిట్ట ఏంది?" అని. మా ఆయన పిట్ట కూత ఇని చెప్పేటోడు. సార్ దుర్బీన్ తుడుసుకునేటోడు.

డెబ్బై నాలుగుల ఆర్డరు వచ్చింది. నలభై అయిదు దాటిన వాచర్లందరు కండ్ల సర్టిఫికెట్ తేవాలె, లేకపోతె నౌకరి లేదు. మా ఆయనకు నలభై ఎనిమిది. ఆర్డరు కాగితం నా చేతుల పెట్టి గోడకు ఆనుకోని కూసున్నడు. "ఇగ చాలు తియ్యే" అన్నడు. "ఏం చాలు? పిల్లలు సదువుకోవద్దా?" అని నేను లొల్లి పెట్టిన.

మా పక్క క్వార్టర్ల రాహేలు ఉండేది. కండ్ల దవాఖానల ఆయమ్మ. మంచి మనిషి, ఆదివారం చర్చికి పోయొచ్చినంక మాత్రం రెండు గంటలు ఎవ్వరినీ తిట్టది. ఆమె దగ్గర పోయి ఏడ్సిన. నిజంగనే ఏడ్సిన, నాటకం గాదు. ఆమె ఆలోచన చేసి, "వదినా, అక్షరాల బోర్డును రోజూ తుడిసేది నేనే. నాకు నోటికొచ్చు" అన్నది. పైన పెద్ద గ. దాని కింద న, ప. దాని కింద ర, బ, ల. అట్ల ఆరు వరుసలు. పదకొండు రోజులు మా ఆయనకు నేర్పినం. కంపౌండరు బోర్డు మీద కర్రతోని కొడ్తడు. పైవరుస మీద కొడితె ఒక సప్పుడు, కింద కొడితె ఒక సప్పుడు. మా ఆయనకు సప్పుడు అయితె సాలు. గోడకు అట్ట కట్టి కర్రతోని నేనే కొట్టిన. ఒక్క తప్పు గూడ పోలే. పిల్లలిద్దరికి గూడ నోటికొచ్చింది.

దవాఖానల దర్వాజ కాడ నిలవడి సూస్తున్న. మా ఆయన స్టూలు మీద కూసున్నడు, డాక్టరు కుర్సీల కూసున్నడు. కంపౌండరు ఆఫీసు చిట్టి సూసిండు. దాంట్ల ఏ భాషల సదివిండో రాసి ఉంటది గదా. సూసి, నోరు తెరవకుంట, బోర్డును ఇటుది అటు తిప్పిండు. నాకు ఆ అక్షరాలు రావు, కాని తెలుగు గాదని తెల్సు. వంకరటింకర, పైన సుక్కలు, కింద సుక్కలు. ఉర్దూ.

నిజాం జమానాల సర్కారు బడులల్ల సదువంతా ఉర్దూలనే ఉండె. మా ఆయన నాలుగో తరగతి దాక అలీఫ్, బే తోనే సదివిండు. ఇప్పటికీ ఉత్తరం రాయాలంటె ఉర్దూలనే రాయిస్తడు. నేను ఆయనతోని కాపురం చేసి ఇరవై రెండేండ్లు. ఒక్కనాడన్న నాకు యాదికి రావాలె గదా? రాలే. ఆయనకన్న రావాలె గదా? ఆయనకూ రాలే.

కంపౌండరు కర్రతోని పైన కొట్టిండు. "గ" అన్నడు మా ఆయన. కింద కొట్టిండు. "న, ప." డాక్టరు కలం పక్కన పెట్టిండు. నేను దగ్గిన. బాగ సదువుతున్నందుకు దగ్గుతున్న అనుకున్నడేమో, ఇంకింత గట్టిగ, "ర, బ, ల!" అన్నడు. ఆరు వరుసలు, ఒక్క తప్పు లేకుంట, ఎడమకెల్లి కుడికి.

"రామలింగయ్యా, గీ బోర్డు మీద తెలుగు అక్షరం ఒక్కటి గూడ లేదు" అన్నడు డాక్టరు.

మా ఆయన స్టూలు ముందుకు జరుపుకున్నడు. తర్వాత, "అయితె ఉర్దూది గూడ సదువుత సార్. పదకొండు రోజులు టైం ఇయ్యున్రి" అన్నడు.

"కండ్లు ఎప్పటికెల్లి కనవడ్తలేవు?" అని డాక్టరు అడిగిండు. ఇద్దరం ఒక్కపారే చెప్పినం. నేను "మొన్నటికెల్లి" అన్న. ఆయన "ఆరేండ్లు" అన్నడు. డాక్టరు ఆయన చెప్పిందే రాసుకున్నడు.

కొండల్‌రావు సార్ ఆ కాగితం నాలుగు పారీలు సదివిండు. "వేరేటోని కాగితం ఇచ్చిన్రేమో" అన్నడు. లేదు సార్ అని మా ఆయన జరిగిందంతా చెప్పిండు. సార్ నమ్మలే. "అయితె పద, రౌండు కొడదాం" అని తన సైకిల్ తీసిండు. మా ఆయన ముందట, సార్ ఎనుక. నేను గేటు కాడ నిలవడ్డ. గంటకు తిరిగొచ్చిన్రు. మా ఆయన బట్టలు ఇస్త్రీ చేసినట్టే ఉన్నయి. సార్ ప్యాంటుకు మోకాళ్ల దాక బురద ఉన్నది. సార్ లోపటికి పోయి రెండు గంటలు కూసోని పైకి ఉత్తరం రాసిండు.

మూడు నెలలకు జవాబు వచ్చింది. రామలింగయ్యను నౌకరికెల్లి తీసేసినం, ఆయన జాగల భార్యను తీసుకుంటం, కాని ఆమెకు సైకిల్ రావాలె. క్వార్టరు ఉంటది, పిల్లల బడి ఉంటది. నేను అప్పటిదాక సైకిల్ మీద ఎనుక గూడ కూసోలే.

నలభై రెండేండ్లకు సైకిల్ నేర్సిన. చీర గోచి పెట్టి, కట్ట మీద. సూడనీకె బహదూర్‌పురా అంతా వచ్చింది. మల్లన్న బర్రెలతోని సహా వచ్చిండు. "ఏంది అక్కా, సర్కసా?" అన్నడు. "నీ బర్రెను ఇప్పుడు నేను కండ్లతోనే సూస్త, జెర ఆగు" అన్న. మా ఆయన సైకిల్ ఎనుక క్యారేజీ పట్టుకోని ఉరికేటోడు. ఎన్ని పారీలు పడ్డనో లెక్క లేదు. పడ్డప్పుడల్లా ఆయన్నే తిట్టిన. నెల అయినంక ఆయన క్యారేజీ మీద కూసునుడు షురూ చేసిండు. కొత్తగ నేర్సినోల్లు ముందు సక్రం దిక్కే సూస్తరు, తల లేపరు. నాదీ గదే తీరు. అందుకని తొవ్వ ఆయన చెప్పేటోడు, "కుడికి, ఇగ ఎడమకు" అని. నేను తొక్కేదాన్ని.

డ్యూటీల చేరిన మొదటి దినం పొద్దున్నే బైలెల్లినం. కట్ట మీద కరకరమన్నది. జమ్ము కాడ మెత్తగైంది. కుడికి అన్నడు, తిప్పిన. సరుగుడు చెట్ల కిందికి వచ్చినం. సప్పుడు బందైంది. ఎడమకు అంటడని సూస్తున్న. అంటలేడు. సక్రం దిక్కే సూసుకుంట తొక్కుతున్న. ఇంకా అంటలేడు. మడుగుల పడ్డం, సైకిల్‌తోని సహా, ఇద్దరం.

నెత్తి మీద జమ్ము, నోట్ల బురద. కోపంతోని, "ఎడమకు అని ఎందుకు చెప్పలేవయ్యా?" అని ఒర్లిన.

"నిద్ర వట్టింది" అన్నడు.

"నిద్రనా? సైకిల్ మీద?"

"ఈడికి రాంగనే రోజూ పానం గుంజేది. పైడిలు లెక్క తప్పుతదేమో అని. ఇయ్యాల ఏం గాలే. నువ్వు తొక్కుతున్నవ్ గదా. గాలి సల్లగున్నది, కన్నంటుకుంది."

నెత్తి మీది జమ్ము తీసుకుంట, "భయమయ్యేదా నీకు?" అన్న.

"రోజూ."

"ఆరేండ్లు? రెండు పూటలా?"

"ఆఁ."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆయన మూతికున్న బురద తుడుసుకున్నడు. కోపంతోని కాదు, మామూలుగనే అడిగిండు, "చెప్తె పోకు అంటుంటివా?"

అనకపోతుంటి. ఆయనకూ తెల్సు. ఆ నీళ్లల్లనే కూసోని ఏడ్సిన. ఆయన చెయ్యి చాపి ఎతికి, నా భుజం దొరికినంక దాని మీద పెట్టిండు. తర్వాత నేను లేసి సైకిల్ తీసిన, హ్యాండిలు వంకర వోతె మోకాళ్ల నడుమ పెట్టి సక్కగ చేసిన. "కూసో" అన్న. "నిద్ర వస్తె పండుకో, తొవ్వ నేను సూస్త" అన్న. తల లేపి తొక్కిన.